ఫైరింజన్ వచ్చేలోపు: మా గల్లీ శిక్షణ డైరీ

మార్చి మొదటి వారం

మాది హైదరాబాద్‌లో మూసారాంబాగ్. మెయిన్ రోడ్డు దిగితే మా గల్లీ మూసీ వైపు వాలుగా పోతుంది. ఎగువన అపార్ట్‌మెంట్లు, మధ్యలో రెండు మూడు అంతస్తుల సొంతిళ్లు, దిగువన రేకుల ఇళ్లు. 2020 అక్టోబరు 13 రాత్రి దిగువ ఇళ్లలో నీళ్లు కిటికీల దాకా వచ్చాయి. 2025 సెప్టెంబరు చివర్లో నగరానికి ఎగువనున్న గండిపేట, హిమాయత్ సాగర్ చెరువుల గేట్లు ఎత్తారు. ఎంజీబీఎస్ బస్టాండులోకి వరద వచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. ఆ రాత్రి మా దిగువ ఇళ్లవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని, సామాను నెత్తిన పెట్టుకుని ఎగువకొచ్చారు. రెండుసార్లూ వాళ్లకి చెయ్యి అందించింది పక్కింటివాళ్లే. సహాయక దళాలు చేసినదానికి చేతులెత్తి మొక్కాలి. కానీ నగరమంతా ఒకేసారి మునిగినప్పుడు ఒక్కో గల్లీకి బోటు ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు? అది వచ్చేదాకా ఉన్న సమయంలో ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో గల్లీ మొత్తం నేర్చుకోవాలి. అందుకే ఈ పని మొదలుపెట్టాం, అందుకే ఈ డైరీ.

నేను రిటైరైన స్టాఫ్ నర్సుని. గల్లీలో అందరూ సిస్టరమ్మ అంటారు. నాతో పాటు దిగినవాళ్లు కరెంటు పని చేసే తమ్ముడు, కిరాణా కొట్టు భాయ్, అంగన్‌వాడీ టీచరమ్మ, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు.

ఇలాంటి శిక్షణ మరోచోట ఎలా పుట్టిందో మొదటిరోజే అందరికీ చెప్పాను. 1985లో మెక్సికో సిటీలో పెద్ద భూకంపం వచ్చింది. మామూలు జనం గుంపులుగా శిథిలాల్లోకి దూరి సుమారు 800 మందిని బయటికి తీశారు. అలా దూరినవాళ్లలో వంద మందికి పైగా తామే చనిపోయారు. ఇది చూసి లాస్ ఏంజిలిస్ అగ్నిమాపక శాఖ ఇరుగుపొరుగు జనానికి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. 1993 నుంచి అది అమెరికా అంతటా నడుస్తోంది. నన్ను పట్టుకున్నది ఆ వంద మంది లెక్క. ఆపదలో పరుగెత్తి పోయే గుణం మా గల్లీకి ఎవరూ నేర్పక్కర్లేదు. పోయిన మనిషి ప్రాణంతో తిరిగి రావడం ఎలాగన్నది మాత్రం నేర్పాలి.

ఉగాది ముందు

నమోదు పుస్తకం మొదలైంది. ఇంటికో పేజీ. "మీ ఇంట్లో ఎంతమంది?" అని కాకుండా "మధ్యాహ్నం రెండింటికి ఎవరుంటారు? రాత్రి రెండింటికి ఎవరుంటారు?" అని అడుగుతున్నాం. ఈ రెండు జవాబులూ పక్కపక్కన పెడితే శిక్షణ ఎవరికివ్వాలో తేలిపోయింది. పగలు గల్లీలో ఉండేది ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, ఇళ్లలో పనికి పోయి పదకొండుకి తిరిగొచ్చే ఆడవాళ్లు, వాచ్‌మన్లు, వాళ్ల భార్యలు, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే కుర్రాళ్లు. మా దళం వీళ్లే. ఆదివారం ఫంక్షన్ హాల్లో మైకు పెట్టి కండలున్న కుర్రాళ్లకి నేర్పితే ఫొటోలు బాగా వస్తాయి. బుధవారం మధ్యాహ్నం మంట లేచినప్పుడు ఆ కుర్రాళ్లు మాదాపూర్‌లో ఉంటారు.

పేజీలో ఇంకా రాసుకునేవి: మంచం దిగలేనివాళ్లు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, ఆక్సిజన్ మిషను ఉన్న ఇళ్లు, సిలిండర్ ఎక్కడుంది, మెయిన్ స్విచ్ ఎక్కడుంది, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది. అద్దెకున్నవాళ్లలో చాలామందికి మెయిన్ ఏదో తెలియదు. అది ఓనరుకే తెలుసు, ఓనరేమో కూకట్‌పల్లిలో ఉంటాడు. తమ్ముడు ఇంటింటికీ పోయి మెయిన్ దగ్గర ఎర్ర టేపు అతికిస్తున్నాడు. ఇప్పటిదాకా చేసినవాటిలో పైసా ఖర్చు లేకుండా అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం.

దిగువ ఇంటి అవ్వ ముందు పేరు చెప్పలేదు. "మళ్ల సర్వేనా బిడ్డా? రాసుకపోవుడే గని ఏమొస్తది?" అంది. ఈ పుస్తకం ఎక్కడికీ పోదు అవ్వా, గల్లీలోనే తాళమేసిన డబ్బాలో ఉంటది, నువ్వు లోపలున్నవని తెలిస్తేనే గదా మేమొచ్చి తలుపు కొట్టేది అన్నాను. కాసేపు ఆలోచించి, "అట్లయితే నా మనవణ్ణి గూడ రాయి. బడికెళ్లి నాలుగింటికొస్తడు. గంటసేపు వాడొక్కడే ఉంటడు" అంది. అప్పటి నుంచి ప్రతి పేజీలో ఇంకో గీత గీశాం: ఇంట్లో ఒంటరిగా ఉండే పిల్లలు, ఏ వేళల్లో.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల ఆపద మిత్ర పథకం ఒకటుంది. 2016లో 30 జిల్లాల్లో 6,000 మందితో మొదలై తర్వాత 350 జిల్లాలకి, లక్ష మంది లక్ష్యానికి పెరిగింది. శిక్షణ 12 రోజులు. మంచి పథకం. మా పిల్లల్లో ఒకరికి అందులో చేరాలని ఉంది, చేరాలి కూడా. కానీ రోజుకూలీ వదులుకుని 12 రోజులు కూర్చోగలవాళ్లు మా గల్లీలో ఎందరు? అందుకే మా పాఠం గంటసేపే. మధ్యాహ్నం మూడింటికి, ఎవరో ఒకరి గుమ్మం ముందు, ఒక్కసారికి ఒక్క పనే.

ఏప్రిల్

ఎండాకాలం కాబట్టి మొదట అగ్గి పాఠం. పాఠమంతా మెట్ల మీదే చెప్పాం.

భోయిగూడ, 2022 మార్చి: తుక్కు గోదాము పైన పడుకున్న బీహార్ కూలీలు 11 మంది పోయారు. సికింద్రాబాద్ రూబీ లాడ్జి, అదే ఏడు సెప్టెంబరు: కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన గదుల్లో 8 మంది. స్వప్నలోక్ కాంప్లెక్స్, 2023 మార్చి: ఆరుగురు. నాంపల్లి బజార్‌ఘాట్, 2023 నవంబరు: కింద రసాయనాల డ్రమ్ములు, పై అంతస్తుల్లో 9 మంది. గుల్జార్ హౌజ్, 2025 మే 18: ఒకే కుటుంబంలో పిల్లలతో కలిపి 17 మంది, లోపలికి ఇరుకు దారి ఒక్కటే. ఇవన్నీ మా ఇళ్ల నుంచి ఆటోలో పోగలిగినంత దూరంలో జరిగినవే. చాలావాటిలో కింద మంట, పైన మనుషులు, మధ్యలో పొగ నిండిన మెట్లు. మనిషిని మంటకన్నా ముందు పొగే పడగొడుతుంది.

ఆ లెక్కన మా మెట్లు చూశాం. చెప్పుల స్టాండ్లు, పాత కూలర్లు, పేపర్ల కట్టలు, విరిగిన కుర్చీలు. నాలుగు అంతస్తుల ఒక ఇంట్లో మీటరు బోర్డుకి మూరెడు దూరంలో ఎలక్ట్రిక్ స్కూటరు చార్జింగులో ఉంది, మెట్లకి సరిగ్గా అడ్డంగా. టెర్రస్ తలుపుకి తాళం. బాల్కనీలకి దొంగల భయంతో గ్రిల్స్, వాటికీ తాళాలు, తాళంచెవులు బీరువాలో. ఇంటాయన్ని మెట్ల మీదే నిలబెట్టి, "కింద మంటుంది, మీరు రెండో అంతస్తులో ఉన్నారు, ఇప్పుడెటు పోతారు?" అని అడిగాను. పైకి చూశాడు, కిందికి చూశాడు. ఏమీ అనకుండా లోపలికి పోయి టెర్రస్ తాళంచెవి తెచ్చి తలుపు పక్కన మేకుకి తగిలించాడు. స్కూటరు చార్జింగు పాయింటు వారంలో కాంపౌండు గోడ దగ్గరికి మారింది.

గ్రిల్స్ తీసెయ్యమని మేం అనడం లేదు. దొంగల భయం నిజమే. ఒక్క గ్రిల్లుకైనా లోపలి నుంచి తెరుచుకునే తలుపు ఉండాలి, దాని తాళంచెవి పక్కనే, పిల్లాడి చేతికందే ఎత్తులో వేలాడాలి, రాత్రి దీపం లేకుండా తడిమినా దొరకాలి. ఈ మాట ఒప్పించడానికి కొన్ని ఇళ్లకి మళ్లీ మళ్లీ పోవాల్సొచ్చింది.

పొగలో నేర్పింది ఇంతే: తలుపు తీసేముందు చేతి వెనకభాగంతో తాకు, వేడిగా ఉంటే తియ్యకు. పొగ పైకి చేరుతుంది కాబట్టి నేలకి వంగి పాకు. దారి లేకపోతే గది తలుపేసి, కింద సందులో తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గర నిలబడి కనబడేలా గుడ్డ ఊపు. బయటపడ్డాక ఏ కారణంతోనూ మళ్లీ లోపలికి పోకు.

మా గల్లీ చివర ఒక గదిలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన సెంట్రింగ్ కుర్రాళ్లు ఉంటారు. వాళ్లకి ఈ పాఠం హిందీలో రాత్రి తొమ్మిదింటికి చెప్పాం, ఎందుకంటే వాళ్లు ఇల్లు చేరేది అప్పుడే. భోయిగూడ గురించి వాళ్లకి నాకన్నా బాగా తెలుసు.

ఏప్రిల్ చివర

మంట ఆర్పే సిలిండరుతో సాధన. ఖాళీ జాగాలో ఇనుప బొచ్చెలో కొంచెం డీజిలు పోసి మంటపెట్టి, పక్కన ఇసుక బకెట్లు పెట్టుకుని చేశాం. పిన్ను లాగు, మంట మొదట్లోకి గురిపెట్టు, నొక్కు, అటూ ఇటూ ఊపు. చిన్న పొడి సిలిండరు పది పదిహేను సెకన్లలో ఖాళీ అవుతుంది. ఆ సంగతి తెలిస్తే మంట మీద పొడి చల్లి వృథా చెయ్యరు. మంట ఒక గది దాటిందంటే ఇది పనికిరాదు, 101కి ఫోన్ చేస్తూ బయటికి రావాలి. వెనక్కి పోయే దారి ఎప్పుడూ వీపు వైపు ఉంచుకోవాలి.

గ్యాసు వాసన పాఠం వంటింట్లోనే. వంటగ్యాసు గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. అందుకని కింది తలుపులు తెరవాలి. స్విచ్ వెయ్యకూడదు, వేసింది తియ్యకూడదు, ఫ్యాన్ జోలికి పోకూడదు. రెగ్యులేటరు ఆపి, మూత పెట్టి, బయటికొచ్చి ఫోన్ చెయ్యాలి. లీకేజీ నంబరు 1906. దీన్ని చాక్‌పీసుతో వంటింటి గోడ మీద రాయిస్తున్నాం.

మే

ఈ నెలంతా ఒక్క ప్రశ్న మీదే గడిచింది. మూడో అంతస్తులో తుంటి ఎముక విరిగి మంచం మీదున్న అమ్మమ్మని కిందికి ఎలా దించాలి?

ఆమె కోడలు మొదట చెప్పిన ఉపాయం మంచంతో సహా ఎత్తడం. మెట్ల మలుపు దగ్గర మంచం తిరగదని కొలిస్తేనే తెలిసింది. ఇద్దరు చేతుల మీద మోస్తే మెట్ల వెడల్పు చాలదు, ఒకరి భుజం గోడకి రాసుకుంటుంది. ఎత్తుకుని దించుదామని కొడుకన్నాడు. పగలు కొడుకుండడు, కోడలి బరువు అమ్మమ్మ బరువుకన్నా తక్కువ.

రెండు పద్ధతులు నిలిచాయి. చదునైన చోట దుప్పటి. మనిషిని పక్కకి ఒత్తిగించి దుప్పటి సగం మడిచి వీపు కిందికి తోసి, మళ్లీ ఇటు ఒత్తిగించి లాగి, తల వైపు గుడ్డని చేతులకి చుట్టుకుని, వెనక్కి నడుస్తూ ఈడ్చడం. ఒక్క మనిషి చాలు. తల, భుజాలు కొంచెం పైకి లేచి ఉండాలి, ఈడ్చేవాళ్లు వీపు వంచకుండా మోకాళ్లు వంచాలి. మెట్ల మీద కుర్చీ. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, కాళ్లు వంగుతాయి. చేతుల్లేని గట్టి చెక్క కుర్చీ, చీరతో ఛాతీ దగ్గరా మోకాళ్ల దగ్గరా కట్టి, ఒకరు వెనక వీపుపట్టె, ఇంకొకరు ముందు కాళ్లు పట్టుకుని, అమ్మమ్మ ముఖం కిందికి దిగే వైపు ఉండేలా. ముందున్న మనిషి ఒక్కో మెట్టుకీ "దిగు" అంటేనే వెనకున్న మనిషి కదలాలి.

సాధన అమ్మమ్మతో చెయ్యలేదు. ఆమె బరువున్న బియ్యం బస్తాలతో మొదలుపెట్టి, తర్వాత నేనే కుర్చీలో కూర్చున్నాను. కట్టేసుకుని ముఖం మెట్ల వైపు పెట్టుకుని కూర్చుంటే గుండె జారుతుంది. ఆ భయం మోసేవాళ్లకి తెలియాలి. అందుకే మా దళంలో ప్రతి ఒక్కరూ ఒకసారి కుర్చీలో కూర్చోవాలన్న నియమం పెట్టాం. అలా కూర్చున్నాక ఎవరికీ చెప్పకుండానే మోసేటప్పుడు మాట్లాడడం వచ్చేసింది. "ఏం గాదమ్మా, ఇంకా ఆరు మెట్లే, నా కళ్లలోకి చూడు."

ఇదంతా గుమ్మంలోంచి చూస్తున్న పక్క వాటా అమ్మాయి, ఏడో నెల గర్భిణి, "నన్నెట్ల దించుతరు?" అని అడిగింది. నువ్వు నడుస్తవు, కాకపోతే అందరికన్నా ముందు నడుస్తవు అన్నాను. ఆమె పేజీలో 'మొదట' అని రాశాం.

మే చివర

ఇంటింటికో సంచి. పెద్ద జాబితా ఇస్తే ఎవరూ చెయ్యరని అనుభవం మీద తెలుసు కాబట్టి మూడు వస్తువులతో మొదలుపెట్టించాం: వారానికి సరిపడా మందులు చీటీతో సహా, టార్చి, జిప్ కవర్లో కాగితాలు. 2020లో పదివేల వరద సాయం కోసం మీ సేవ ముందు బారులు తీరిన రోజులు దిగువ ఇళ్లవాళ్లు మర్చిపోలేదు. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్ తడిసి ముద్దయిపోతే ఎంత తిరగాలో వాళ్లే మిగతావాళ్లకి చెప్పారు. డిగ్రీ పిల్లలు డిజిలాకర్‌లో పెట్టిస్తున్నారు. ఫోన్ తడిస్తే ఎట్లా అన్న ప్రశ్నకి జవాబుగా రెండు నంబర్లు కంఠతా పట్టిస్తున్నాం, ఒకటి ఇంటివాళ్లది, ఇంకొకటి ఊళ్లో ఉండే బంధువుది.

కలిసే చోటు: మెయిన్ రోడ్డు మీది హనుమాన్ గుడి అరుగు. మసీదు మెట్లు ఇంకా దగ్గర కానీ అవి పల్లంలో ఉన్నాయి. ఇమాం సాబే స్వయంగా గుడి అరుగు ఎత్తుగా ఉందని, అదే పెట్టమని చెప్పారు.

మృగశిర కార్తె

మృగశిర నాడు రాంనగర్ చేపల మార్కెట్‌కి పోయొచ్చినవాళ్లని కూర్చోబెట్టి నీళ్ల పాఠం మొదలుపెట్టాం.

1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచింది. వేల మంది పోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఆ తర్వాత 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. మా గల్లీలో పెద్దవాళ్లు ఈ రెండు చెరువుల మీదే ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యానికి ఒక హద్దుంది. గండిపేట నిండు మట్టం 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1763.50. మట్టం ఆ దరిదాపుల్లో ఉండి పైన వికారాబాద్ వైపు వాన పడుతోందంటే గేట్లు ఎత్తుతారు, ఎత్తాల్సిందే. ఆ నీళ్లు మా వంతెన కిందికే రావాలి.

కొట్టు భాయ్ తన షట్టరు పక్కన నల్లబోర్డు పెట్టాడు. వానాకాలమంతా పొద్దున రెండు మట్టాలూ, వాతావరణ శాఖ హెచ్చరిక రంగూ (పసుపు, నారింజ, ఎరుపు) అక్కడ రాస్తాడు. ఎంత వాన పడితే ఏమంటారో కూడా కిందే రాయించాం. రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఈ లెక్కలు ఎవరికెందుకు అనుకున్నాను గానీ, పాలు కొనడానికొచ్చే ఆడవాళ్లు ఇప్పుడు "ఇయ్యాల గండిపేట ఎంతుంది భాయ్?" అని అడుగుతున్నారు. ఫోన్లలో సచేత్ యాప్ వేయించాం, హెచ్చరిక తెలుగులోనే వస్తుంది.

కరెంటు స్తంభాలకి దూరంగా, గోడల మీద రంగు గీతలు గీశాం. 2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో దిగువవాళ్లే వేలు పెట్టి చూపించారు. దానికి చాలా కింద చీలమండ ఎత్తులో పసుపు గీత: నీళ్లు దాన్ని తాకితే మెయిన్ ఆపి, సంచి భుజానేసుకోవాలి. మోకాలి ఎత్తులో ఎర్ర గీత: అప్పటికి ఇంట్లో ఎవరూ ఉండకూడదు. మోకాలి దాకా ఎందుకు ఆగకూడదంటే, పారే నీళ్లు జానెడు లోతున్నా కాళ్లు లాగేస్తాయి. 30 సెంటీమీటర్లయితే చిన్న కారు కదిలిపోతుంది. నిలిచిన నీళ్లు చూసిన కళ్లకి పారే నీళ్ల బలం తెలియదు.

జూన్ చివర

కరెంటు. తమ్ముడు చెప్పిన పాఠం, నేను విన్నాను.

వానల్లో మా నగరంలో మనుషుల్ని చంపేది నీళ్లొక్కటే కాదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథం తీగకి తగిలి ఐదుగురు పోయారు. ఒకరు పడగానే పక్కవాళ్లు పట్టుకోబోవడం మనిషి సహజగుణం, కరెంటు దగ్గర ఆ గుణమే ప్రాణం తీస్తుంది. తమ్ముడు ఒకటే మాట పదేపదే అనిపించాడు: "ముందు మెయిన్, తర్వాత మనిషి." మెయిన్ అందకపోతే ఎండిన కర్రతో, ఎండిన చెక్క మీద నిలబడి, తీగని పక్కకి తొయ్యాలి. అదీ ఇంటి కరెంటైతేనే. స్తంభం మీంచి తెగిన తీగైతే దగ్గరికే పోకూడదు. అప్పటికే దగ్గరున్నవాళ్లు పెద్ద అంగలు వెయ్యకుండా, రెండు పాదాలూ నేల మీంచి లేపకుండా ఈడుస్తూ దూరం కావాలి, ఎందుకంటే ఆ చుట్టూ నేలలోనూ కరెంటు ఉంటుంది. 1912కి ఫోన్ చేసి స్తంభం నంబరు చెప్పాలి. అందుకని మా గల్లీ స్తంభాల నంబర్లన్నీ పుస్తకం వెనక అట్ట మీద రాశాం.

సంపు మోటారే అన్నిటికన్నా భయం. నీళ్లొచ్చిన రాత్రి అందరూ చేసే మొదటి పని మోటారు వెయ్యడం. ఒళ్లంతా తడి, స్టార్టరు డబ్బా మోకాలి ఎత్తులో. ఓనర్లని ఒప్పించి స్టార్టర్లు భుజం ఎత్తుకి మార్పిస్తున్నాం. కొన్ని ఇళ్లలో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్, పెట్టించారు. అందరూ పెట్టుకునేదాకా అడుగుతూనే ఉంటాం.

సెల్లారులో గది ఉన్న వాచ్‌మన్ కుటుంబాలకి విడిగా చెప్పాం. నీళ్లు ర్యాంపు దిగడం మొదలైతే బండ్లు తియ్యడానికి ఎవరు పిలిచినా సెల్లారులోకి దిగకూడదు. ఈ మాట వాచ్‌మన్‌కి చెబితే చాలదు, పిలిచేవాళ్లకి చెప్పాలి. అందుకే అపార్ట్‌మెంటు మీటింగులో ఓనర్ల చేతే ఒప్పుకోలు కాగితం మీద సంతకాలు పెట్టించాం.

జూలై, బోనాల ముందు

తాడు, క్యాను. ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, మూత బిగించి నైలాన్ తాడు కడితే, దాదాపు ఇరవై కిలోల బరువుని తేలుస్తుంది. నీళ్లలో మనిషి తల పైకుండడానికి అంతకన్నా చాలా తక్కువే చాలు. తెలిసిన స్విమ్మింగ్ పూల్ వాళ్లు ఒక మధ్యాహ్నం జాగా ఇచ్చారు. పడిపోయిన మనిషికి ముందు కర్రో చీరో అందించు, అందకపోతే క్యాను విసురు, నువ్వు మాత్రం దిగకు. విసిరేటప్పుడు మనిషి మీదికి కాకుండా ప్రవాహానికి ఎగువకి, అవతలికి విసిరితే నీళ్లే అతని దగ్గరికి తెస్తాయి. తాడు నడుముకి కట్టుకోవద్దని గట్టిగా చెప్పాం. ఆడవాళ్లు బాగా విసిరారు, మగపిల్లలు బలం చూపించబోయి దాటించేశారు.

మ్యాన్‌హోల్ మూతలు: నీళ్లు పోవాలని వాటిని తెరవడం మా గల్లీలోనూ అలవాటు. ఇకపై ఎవరూ తెరవరు. మూత కొట్టుకుపోయినది కనబడితే చెట్టు కొమ్మ గుచ్చి, పైన ఎర్రగుడ్డ కట్టాలి. నీళ్లలో నడవాల్సొస్తే కర్రతో ముందు తడిమి, ఆ తర్వాతే అడుగు.

గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కడం నా వంతు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా లేవనివ్వాలి. నీళ్లలో మునిగినవాళ్లకి ఊపిరి కూడా పొయ్యాలి, 30 నొక్కుళ్లకి రెండు ఊపిరులు. బొమ్మ లేక దిండ్ల మీద చేయించాం. దెబ్బలు తిన్నవాళ్లు ఎక్కువమంది ఉంటే ముందు ఎవర్ని చూడాలన్న దానికి తేలిక లెక్క చెప్పాను. లేచి నడవగలవాళ్లు పక్కకి పోతారు. మిగతావాళ్లలో నిమిషానికి 30కి మించి ఊపిరి తీస్తున్నవాళ్లు, రక్తం ధారగా పోతున్నవాళ్లు, "నా చెయ్యి నొక్కు" అంటే నొక్కలేనివాళ్లు, వీళ్లు ముందు. గట్టిగా ఏడ్చేవాళ్ల దగ్గరికి అందరూ పరుగెత్తుతారు. నలభై ఏళ్లొచ్చిన కొడుకు అరుస్తుంటే, పక్కన మాట లేకుండా పడున్న తండ్రిని చూడాలి.

జూలై చివర

గల్లీ మొత్తానికీ మొదటి డ్రిల్లు. బుధవారం మధ్యాహ్నం, కావాలనే. అంగన్‌వాడీ టీచరమ్మ స్టీలు పళ్లెం మీద గరిటెతో మోగించింది. ఎగువ నుంచి ఇద్దరు, దిగువ నుంచి ఇద్దరు తలుపులు కొడుతూ వచ్చారు. గేటు మీద సుద్దముక్కతో లోపలికి పోతూ ఒక ఏటవాలు గీత, బయటికొచ్చాక దాని మీద అడ్డంగా ఇంకో గీత. అమెరికాలో ఆ శిక్షణ పొందినవాళ్లు వాడే గుర్తే ఇది. ఒక్క గీతే కనబడితే లోపల మనవాళ్లున్నారని అర్థం, రెండూ ఉంటే ఆ ఇల్లు చూసేశాం.

బాగా జరిగినవి: అమ్మమ్మ కుర్చీలో గుడి అరుగు దాకా వచ్చింది, దారిలో అందర్నీ పలకరిస్తూ. దిగువ అవ్వ మనవడు తనే సంచి తెచ్చుకున్నాడు. సరిచెయ్యాల్సినవి: పళ్లెం మోత అపార్ట్‌మెంటు వెనక వాటాలకి వినబడలేదు, అక్కడికి పరుగెత్తే ఒక మనిషి కావాలి. పగలు నిద్రపోయే కాల్ సెంటరు కుర్రాళ్లు లేవలేదు, వాళ్ల కిటికీ కర్రతో కొట్టాలని పేజీలో రాశాం. కొత్తగా దిగిన అద్దెవాళ్లు పుస్తకంలో లేరు. నెలకోసారి పేజీలు సరిచూసే పని డిగ్రీ పిల్లలు తీసుకున్నారు.

ఆగస్టు

రాత్రి తొమ్మిది నుంచి కుండపోత. మూసీ పొంగలేదు. మెయిన్ రోడ్డు నాలా ఎదురుతన్ని గల్లీలోకి వచ్చింది. పసుపు గీత తడిసిన సంగతి ముందు చూసింది అవ్వ. ఆమె పళ్లెం మోగించింది. దిగువ ఇళ్లలో మెయిన్లు ఆఫ్. పిల్లలు, ముసలివాళ్లు, ఏడుపులూ అరుపులూ లేకుండా గుడి అరుగు చేరారు. సంపులోకి నీళ్లు పోతున్నాయని ఒక ఇంటాయన మోటారు వెయ్యబోతే భార్యే చెయ్యి పట్టుకుని ఆపింది. నీళ్లు ఎర్ర గీత చేరలేదు, అర్ధరాత్రికి తీశాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

తెల్లారి పని మీద పని. సంపులు పూర్తిగా తోడి కడిగాక, వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి గంట ఆగాకే వాడమని చెప్పాం, తాగే నీళ్లు కొన్నాళ్లు మరిగించాలని కూడా. బురద తోసేవాళ్లు కాళ్లకి బూట్లు వేసుకోవాలి, పుండ్లున్నవాళ్లు అసలు దిగకూడదు, ఎలుకల మూత్రంతో వచ్చే జ్వరం వానల్లో మామూలే. విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్లకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలకొట్టి. పిల్లలకి జ్వరమొస్తే నా దగ్గరికి కాదు, ముందు బస్తీ దవాఖానాకి.

వచ్చే వారాల పని

వినాయక మండపం వేసేముందు తమ్ముడు తీగల ఎత్తు చూస్తాడు. విగ్రహం ఎత్తు ఆ కొలతని బట్టి ఉండాలని మండపం పిల్లలతో మాట్లాడాలి. ఇమాం సాబ్ ఉర్దూ కాగితం సరిచూసి ఇస్తానన్నారు. లేడీస్ హాస్టల్ వార్డెనమ్మ మెట్లు చూడ్డానికి రమ్మంది, ఆ ఇంటికి టెర్రస్ తలుపు ఉందో లేదో ముందు చూడాలి. వెనక గల్లీవాళ్లు నమోదు పుస్తకం నమూనా అడిగారు, పుస్తకమే కాకుండా అవ్వని కూడా వాళ్ల దగ్గరికి పంపిస్తున్నాం. పళ్లెం ఎప్పుడు మోగించాలో ఆమే చెబుతుంది. శుక్రవారం మూడింటికి, మసీదు వెనక ఇంటి గుమ్మం దగ్గర.